దారం కట్టిన పెన్ను

బ్యాంకు కౌంటరు మీద పెన్నుకు దారం కట్టి ఉండటం చదువరులందరూ చూసే ఉంటారు. ఐదు రూపాయల పెన్ను, దానికి మూత కూడా ఉండదు. లక్షల డిపాజిట్టున్న పెద్దమనిషైనా సరే, ఆ దారం ఎంత పొడుగుంటే అంతలోనే వంగి చలానా నింపుకోవాలి. ముప్ఫై ఏళ్ళకు దగ్గరపడుతున్న నా ఉద్యోగంలో ఆ దారం ఎవరినైనా అవమానిస్తోందేమోనన్న ఆలోచన నాకు ఏనాడూ రాలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. మా స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు. ఒకదాని చెవి మేనేజరు దగ్గర, రెండోదాని చెవి క్యాష్ చూసే ఆఫీసరు దగ్గర ఉంటాయి. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. కొత్తగా చేరినప్పుడు, నన్ను నమ్మరు కాబోలని చిన్నబుచ్చుకున్నాను. ఒక సాయంకాలం లెక్కలో కొంత సొమ్ము తగ్గింది. ఒంటరిగా ఎవడూ లోపలికి పోలేడు కనుక ఎవరి వేలూ నా వైపు తిరగలేదు. అప్పటినుంచి తాళమంటే నాకు గౌరవం. మంచివాడికి తాళం వల్ల నష్టం లేదు, లాభమే అని చెప్పుకుంటూ వచ్చాను.

ఆ మాట మీద నాకు సందేహం పుట్టించింది మా అబ్బాయి కంప్యూటర్లోని ఒక ఆట.

2023 డిసెంబరు మొదటివారంలో మిచౌంగ్ తుపాను వచ్చి మా మనలి వీధుల్ని ముంచిపోయింది. ఆ వరద నీళ్ళతోపాటు నూనె కూడా కలిసి ఎన్నూరు ముఖద్వారం దాకా పోయి పడవలకూ వలలకూ పట్టుకున్న సంగతి పత్రికల్లో వచ్చింది. మా ఇంటికి నాలుగోనాటికి కరెంటు వచ్చింది. నెట్ మాత్రం రాలేదు. బయటికి పోయే దారి లేదు. అబ్బాయి కంప్యూటరు తెరిచి, అంతకుముందు నెలలో కొన్ని వేలు పోసి కొన్న ఆట మీద నొక్కాడు. అది తెరుచుకోలేదు. తెరిచినప్పుడల్లా అది ఎక్కడో విదేశంలో ఉన్న తన యజమాని యంత్రాన్ని అడగాలట. ‘ఇతడు కొన్నవాడే’ అని అక్కడి యంత్రం ఒప్పుకుంటే తప్ప ఇక్కడ తలుపు తీయదు. డబ్బు ఇచ్చిన రసీదు మావాడి దగ్గరే ఉంది, ఆట కూడా మావాడి పెట్టెలోనే ఉంది. అయినా లాభం లేదు.

అప్పుడు వాడు ‘బాల్డర్స్ గేట్’ అనే పాత ఆట తీశాడు. అది వెంటనే తెరుచుకుంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. “దీనికి తాళం లేదా?” అన్నాను. “దీన్ని తాళం తీసేసే అమ్ముతారు నైనా. కొన్నాక మనదే” అన్నాడు. 

ఆ ఆట సంగతి రెండు మాటల్లో చెప్పాలి. కాశీ మజిలీ కథలు ఎరిగినవారికి తేలికగానే తెలుస్తుంది. ఒక కుర్రవాడు ఊరు వదిలి దారిన పడతాడు. మజిలీ మజిలీకి ఒక కథ, ఒక తోడు, ఒక శత్రువు. తేడా ఏమంటే ఆ కుర్రవాడు మనమే. సత్రంలో ఎవరితో ఏం మాట్లాడాలో, దెబ్బతిన్నవాణ్ణి ఆదుకోవాలో వదిలిపోవాలో మనమే తేల్చాలి. కెనడాలోని బయోవేర్ కంపెనీ తయారుచేసిన ఆ ఆట 1998 డిసెంబరులో ఐదు సీడీలలో విడుదలైంది. ఆ రోజుల్లో ఇలాంటి ఆటలకు తాళాలు చిత్రంగా ఉండేవి. 1988 నాటి ‘పూల్ ఆఫ్ రేడియన్స్’ అనే ఆటతో అట్ట చక్రం ఒకటి ఇచ్చేవారు. తెర మీద కనిపించిన గుర్తుల్ని ఆ చక్రంలో కలిపి, దొరికిన మాట టైపు చేస్తే కాని ఆట సాగదు. చక్రం పోయిందా, ఆట పోయినట్టే.

‘బాల్డర్స్ గేట్’ కథలో నన్ను పట్టుకున్న భాగం పోలండుది. ఆ దేశంలో కంప్యూటరు ప్రోగ్రాములకు కాపీరైటు చట్టం 1994లో కాని రాలేదు. అంతవరకు వార్సా బజార్లలో ఆటల నకళ్ళు బాహాటంగా అమ్మేవారు. అలా నకళ్ళు అమ్మిన కుర్రవాళ్ళలో మార్చిన్ ఇవిన్‌స్కీ ఒకడు. ఆ మాట అతడే చెప్పుకున్నాడు. 1994లో అతడు మిహౌ కిచిన్‌స్కీ అనే మిత్రుడితో కలిసి సీడీ ప్రాజెక్ట్ అనే కంపెనీ పెట్టాడు. 1999లో ‘బాల్డర్స్ గేట్’ను పోలిష్ భాషలోకి తెచ్చారు. నకలు అమ్మేవాడితో ఎలా పోటీ పడాలన్నది సమస్య. వాళ్ళు చేసిన పని వినండి. ఆటలోని మాటలన్నీ అనువదించి, దేశంలో పేరున్న నటుల చేత పలికించారు. పెట్టెలో పాత తోలు పత్రంలా కనిపించే పటం, పాటల డిస్కు, నియమాల పుస్తకం పెట్టారు. నకలు కొన్నవాడికి ఆట దొరుకుతుంది కాని పెట్టె దొరకదు. జనం వేలల్లో కొన్నారు. తన భాషలో ఒక మంచి వస్తువు మర్యాదగా చేతికి వస్తే కొనడానికి మనిషి సిద్ధంగానే ఉంటాడని దీనివల్ల తెలుస్తోంది. పొరుగు రాష్ట్రంలో తెలుగు పత్రిక కోసం చందా కట్టే మనకు ఈ మాట కొత్తది కాకపోవచ్చు.

2008లో వాళ్ళే పాత ఆటల్ని తాళాలు తీసేసి అమ్మే దుకాణం మొదలుపెట్టారు. మావాడు కొన్నది అక్కడే. అయితే వాళ్ళను మహాత్ములుగా చూపించడం నా ఉద్దేశం కాదు. 2011 మేలో ‘విచర్ 2’ అనే సొంత ఆట విడుదల చేసినప్పుడు తమ దుకాణంలో తాళం లేకుండా అమ్మారు, బయటి దుకాణాల్లోని డిస్కులకు మాత్రం తాళం వేశారు. దొంగలు తాళమున్న దాన్నే పగలగొట్టి పంచుకున్నారు. తాళం లేనిదాన్ని పగలగొట్టడంలో సరదా లేదు కాబోలు. కొద్ది రోజుల్లోనే కంపెనీ ఆ తాళం కూడా తీసేసింది. అంతటితో ఊరుకున్నారా అంటే లేదు. జర్మనీలో నకలు తీశారని అనుమానం ఉన్నవారికి వకీళ్ళ చేత డబ్బు కట్టమని నోటీసులు పంపించారు. అందులో తప్పు చేయనివారూ ఉండవచ్చని గోల లేచింది. 2012 జనవరిలో ఆ నోటీసులు ఆపేశారు. 2015లో ‘విచర్ 3’ని మళ్ళీ తాళం లేకుండానే తెచ్చారు. 2023 నాటికి అది అన్ని యంత్రాల మీదా కలిపి 5 కోట్ల ప్రతులు దాటింది. కామర్సు చదివినవాణ్ణి కనుక ఒక మాట చెప్పాలి. ఆ 5 కోట్లలో తాళమున్న యంత్రాల మీద అమ్ముడైనవీ ఉన్నాయి. ఈ అంకె చూపి తాళం తీస్తే లాభమని తేల్చడం తప్పుడు లెక్క. ఒకవేళ నష్టమే వచ్చిందనుకుందాం. అప్పుడు కొన్నవాడి పెట్టెకు తాళం వేయడం న్యాయమైపోతుందా? నా ప్రశ్న అది.

దీనికి నా వృత్తిలోనే ఒక పోలిక దొరికింది. మా దగ్గర ఇంటిపత్రాలు కుదువపెట్టి అప్పు తీసుకుంటారు. అప్పు ఉన్నన్నాళ్ళు పత్రాలు మా అలమారలో ఉండటం న్యాయం. అప్పు తీరిన మరునాటినుంచి? ఏ శాఖలోనైనా ఇది జరిగేదే, ‘రేపు రండి, ఫైలు పెద్దాఫీసులో ఉంది’ అని తిప్పించుకోవడం. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో పత్రాలు తిరిగి ఇవ్వాలి, ఆలస్యానికి బ్యాంకు కారణమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. ఆ డిసెంబరు 1 నుంచి అమలు. అంటే మా ఇంట్లో నీళ్ళు చేరడానికి సరిగ్గా మూడు రోజుల ముందు. డబ్బు పూర్తిగా పుచ్చుకున్న తర్వాత కూడా తాళం చెవి తన దగ్గరే ఉంచుకునేవాడు నాకు ఆ గుమాస్తాలాగే కనిపించాడు.

స్ట్రాంగ్ రూము తాళానికీ దీనికీ తేడా ఇప్పుడు తెలిసింది. ఆ రెండు తాళాలు మేనేజరునూ ఆపుతాయి, నన్నూ ఆపుతాయి. ఈ తాళం ఒక్కడినే ఆపుతుంది. అదీ ఎవణ్ణి? డబ్బు కట్టినవాణ్ణి. తాళం పగిలిన నకలు ఆడేవాడు తుపాను రోజున కూడా నిశ్చింతగా ఆడుకుని ఉంటాడు.

ఇంకొకటి. నోట్లకట్ట పోతే పెట్టె ఖాళీ అవుతుంది. నకలు తీస్తే మూలం అక్కడే ఉంటుంది. మన పాత కావ్యాలు బతికిందే అలాగ. తాటాకును పురుగు తింటుంది, వందల ఏళ్ళకు ఒకసారి ఎవరో కూర్చుని గంటంతో తిరగరాస్తేనే అది తర్వాతి తరానికి చేరుతుంది. సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి రాయించిన ప్రతులు చెన్నపట్నం ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరబట్టే కొన్ని గ్రంథాల పేర్లైనా మనకు మిగిలాయి. తాటాకు రాసినవారు చివర గ్రంథం చేత ఒక మనవి చెప్పించేవారు: నూనె తగలనీకు, నీళ్ళు తగలనీకు, కట్టు సడలనీకు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని. నకలు తీయనీకు అన్న మాట అందులో లేదు. (చదువుకే తాళం వేసి కొందరిని గుమ్మం బయట నిలబెట్టిన సంగతి వేరే ఉంది. అది చిన్న సంగతి కాదు.) అయితే ఆ రాయసగాడికి కూలి ఎవరో ఇచ్చారు. ఆట రాసినవాడికి కూలి ప్రతి అమ్మితేనే వస్తుంది. ఈ చిక్కును తాటాకు విప్పదు.

వరద తగ్గిన వారానికి ఆ చిక్కు మా గుమ్మంలోకే వచ్చింది. పక్కింటి కుర్రవాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. తండ్రి ఇక్కడి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేస్తాడు. రిచీ వీధిలో పాత భాగాలు ఏరుకొచ్చి కూర్చుకున్న కంప్యూటరు వాడిది. కొత్త ఆటలను మోయలేదు, ఈ పాతదాన్ని మోస్తుంది. పెన్ డ్రైవు పట్టుకొచ్చి “అన్నా, కాపీ ఇస్తావా?” అన్నాడు. మావాడు నావైపు చూశాడు. తాళం ఉండి ఉంటే ‘కుదరదు తమ్ముడూ’ అని యంత్రం మీద తోసేసేవాడు. ఇప్పుడు కుదరదనాలంటే మేమే అనాలి.

“ఇవ్వకూడదు. చట్టం ఒప్పదు” అన్నాను తెలుగులో, కుర్రవాడికి అర్థం కాకుండా. కొన్నవాడు తన భద్రతకు ఒక ప్రతి తీసి దాచుకోవడానికి 1957 కాపీరైటు చట్టంలో వీలుంది. ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. దొంగ ప్రతి అని తెలిసి వాడినవాడికి ఏడు రోజులకు తగ్గని జైలు శిక్ష ఉంది. లాభం కోసం కాకపోతే కోర్టు జుల్మానాతో సరిపెట్టవచ్చు. ఆ సెక్షన్ 1994 సవరణలో చేర్చారు.

“నైనా, మరి నీ ఫ్లాపీలు?” అన్నాడు మావాడు.

నాకు నోట మాట రాలేదు. 1990ల చివర్లో మా తెలుగు సంఘం ఆహ్వానపత్రాలన్నీ నేనే ఇంట్లో టైపు చేసేవాణ్ణి. దానికి వాడిన తెలుగు అక్షరాల ప్రోగ్రాము నేను కొన్నది కాదు. అసలుదానితో ప్రింటరు తీగె దగ్గర తగిలించే చిన్న బిళ్ళ ఒకటి ఇచ్చేవారు, అదే దాని తాళం. ఆ బిళ్ళ అక్కర్లేకుండా ఎవరో మార్చిన ప్రతి ఒక మిత్రుడి ద్వారా నాకు చేరింది. తమిళనాట తెలుగుకు దిక్కు లేదని వేదికలెక్కి మాట్లాడినవాణ్ణి, మన అక్షరాలను యంత్రంలోకి తేవడానికి కష్టపడిన నలుగురు మనుషులకు రూపాయి ఇవ్వలేదు. దాన్ని న్యాయంగా కొన్న సంఘం కార్యదర్శిగారు తర్వాత కంప్యూటరు మార్చారు. కొత్తదానికి ఆ బిళ్ళ తగిలించే చోటే లేదు. ఆయనది ఆగిపోయింది, నాది ఇంకో ఐదేళ్ళు నడిచింది. అప్పట్లో దీన్ని నేను నవ్వుతూ చెప్పేవాణ్ణి.

ఆ రోజు పక్కింటివాణ్ణి సాయంత్రం రమ్మన్నాం. ఈలోపు నా కార్డుతో అదే ఆట ఇంకొక ప్రతి కొనిపించాను. తగ్గింపు ధరలో ఉంది, ఇంటిల్లిపాది టిఫిను ఖర్చు. మావాడు కొన్నాడు కాని ఊరుకోలేదు. “ఇది వాడికోసం కాదు, ఆట రాసినవాళ్ళకోసం కూడా కాదు. నీ ఫ్లాపీల వడ్డీ” అన్నాడు. అసలు అలాగే ఉందిగా అని నాకూ తోచింది. ఆ నలుగురి చిరునామా ఇప్పుడు వెతికితే దొరుకుతుందో లేదో నేను వెతకలేదు.

కుర్రవాడికి డబ్బు కట్టిన సంగతి చెప్పలేదు. చెబితే మొహమాటపడతాడని మావాడు అన్నాడు, చెప్పకపోతే ఊరికే వచ్చిందనుకుంటాడని నేనన్నాను. రెండూ నిజమే కనుక ఊరుకున్నాం. సంక్రాంతికి వాడు చక్కెర పొంగలి తెచ్చి ఇస్తూ, ఆట మూడో అధ్యాయంలో ఉన్నానని, ఎర్ణావూరులో వాళ్ళ మేనమామ కొడుకు కూడా మొదలుపెట్టాడని సంతోషంగా చెప్పాడు. ఆ అబ్బాయికి ఆట ఎలా వచ్చిందని నేను అడగలేదు. గిన్నె కడిగి, రెండు అరటిపళ్ళు పెట్టి తిరిగి ఇచ్చాను.