అదే యంత్రమా, వేరు యంత్రమా?

మండపేట చుట్టుపట్ల వరిచేలను ఎరిగినవారికి దమ్ము దినముల తొందరను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. సార్వా పంట ఇల్లు చేరునంతలోనే దాళ్వాకు నేల సిద్ధము కావలెను. ఊడ్పు ఆలస్యమైనచో కాలువలు కట్టివేయు వేళకు చేను ఇంకను పాలు పోసికొనుచుండును. అప్పటి ఆందోళన రైతునకే తెలియును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి డెల్టా రైతు కాలువ లెక్కకు లోబడియే సేద్యము చేయుచున్నాడు. ఆ తొందరలో మొదట ఎడ్లకు తోడుగను, పిమ్మట ఎడ్లకు మారుగను వచ్చిన యంత్రములలో పవర్ టిల్లరు ఒకటి.

ముందు ఒంటి సిలిండరు డీజిలు ఇంజను, నడుమ గేరుపెట్టె, వెనుక మట్టిని తిరుగవేయు కత్తులు, రెండు చక్రములు, రెండు పొడవాటి పిడులు, దాని స్వరూపమింతే. మనిషి దాని వెంట నడచి తోలును. చిన్న మడులకును, పెద్ద ట్రాక్టరు మళ్ళుటకు వీలులేని కొబ్బరితోటలకును ఇది తగినది. జపాను దేశపు చిన్న కమతములలో ప్రసిద్ధికెక్కిన ఈ యంత్రమును మన దేశమున తయారుచేయుటకు 1967లో బెంగుళూరున వి.ఎస్.టి. సంస్థయు, 1973లో కేరళమున కామ్కో సంస్థయు ఏర్పడెను.

ఇట్టి టిల్లరొకటి ఒక ఇంట పశువులకొట్టము మూలను పదునైదేండ్లుగ పడియున్నదని తలంచుదము. తండ్రి బ్యాంకు ఋణముతో కొన్నది. ఆయన గతించెను, పెద్ద ట్రాక్టర్లు కిరాయికి దొరకు కాలము వచ్చెను, టిల్లరుపై కోళ్ళు నిద్రించెను. పంపకముల నాడు పెద్దమనుషులు దానిని యంత్రముగ లెక్కింపలేదు. పాత ఇనుము ధర కట్టి చిన్నవాని వాటాలో చేర్చిరి. అన్న అడ్డు చెప్పలేదు. కొంతకాలమునకు తమ్ముడు దానిని బాగుచేయ సంకల్పించెను. విచారింపవలసిన ప్రశ్న ఆ సంకల్పమునుండియే బయలుదేరును.

తుప్పు అనునది పైన అంటిన మురికి కాదు. ఇనుమే గాలితోను తేమతోను కూడి తన స్వభావమును వదలుకొనుట తుప్పు. ఎరువుల ఉప్పు కలిసిన దమ్ము బురద అందులకు మరింత తోడ్పడును. తుప్పుగ మారిన ఇనుము మునుపటికంటె ఎక్కువ చోటును ఆక్రమించును. కావుననే మరలు నట్టులలో బిగిసికొనిపోవును. అచ్చట బలము చూపినవానికి దక్కునది విరిగిన మర మాత్రమే. కిరసనాయిలు పోసి రాత్రియంతయు నాననిచ్చి, మరునాడు నట్టును వేడిచేసి, అది వ్యాకోచించిన క్షణమున ముందునకు కొంత, వెనుకకు కొంత కదలింపవలెను. ఒక్కొక్క నట్టునకు ఒక్కొక్క పూట పట్టుటయు కలదు. చిన్న భాగములను చాకలిసోడా కలిపిన నీటిలో ముంచి, బ్యాటరీ ఋణధ్రువమునకు తగిలించి, ధనధ్రువమునకు మరియొక ఇనుపముక్కను కట్టినచో తుప్పు మెత్తబడి ఊడివచ్చును. పిదప తీగబ్రష్షు, ఆపై రెడాక్సైడు. తుప్పు రాలిన కొన్నిచోట్ల గట్టి ఇనుము బయటపడును. కొన్నిచోట్ల రంధ్రమే బయటపడును. అంతవరకు అచ్చట రేకు వలె నిలిచియున్నది తుప్పే.

ఇంజను సంగతి ఇంకను కఠినము. పొగగొట్టము తెరచియుండుటచే వాననీరు లోనికి దిగి పిస్టను లైనరునకు అంటుకొనిపోయెననుకొందము. అంతమాత్రమైనచో నూనె పోసి, ఓపికతో వదలించి, లైనరును రింగులును మార్చవచ్చును. క్రాంకుషాఫ్టు కూడ చిట్లియున్నచో మెకానిక్కు తల అడ్డముగ ఊపును. పాత నమూనాలకు విడిభాగములు అరుదు. ఒక్కొక్కప్పుడు చేసిన సంస్థయే ఉండదు. 1971లో ట్రాక్టర్ల తయారీ ఆరంభించిన హెచ్.ఎం.టి. వారి ఆ విభాగమును మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించెను. పుట్టినిల్లు లేని యంత్రమునకు పాత సామానుల కొట్టే దిక్కు.

తమ్ముడు వేరొక ఇంజను కొనెను. టిల్లరులో ఇంజను బలము వి-బెల్టుల ద్వారా గేరుపెట్టెవైపు పోవును గనుక ఈ మార్పు పెద్ద ట్రాక్టరులో వలె దుర్ఘటము కాదు. అయినను కొత్త ఇంజను కాళ్ళ రంధ్రములు పాత చట్రపు రంధ్రములకు సరిపడవు, అడ్డపట్టీలు అతికింపవలెను. పుల్లీలు రెండును ఒకే వరుసలో నిలువకున్నచో బెల్టులు వారములోనే అరుగును. వేగము కుదుర్చుట మరియొక లెక్క. పాతది నిమిషమునకు 2000 మార్లు తిరిగెడిదై, కొత్తది 1500 మార్లు తిరిగెడిదైనచో ఇంజనుపైనున్న పుల్లీ వ్యాసమును మూడవ వంతు పెంచవలెను. ఎక్కువ అశ్వశక్తి గల ఇంజను పెట్టిన మేలేగదాయని తోచును గాని, కత్తులు వేరునకో రాతికో తగిలిన నాడు విరుగునవి పాత గేరుపెట్టెలోని పళ్ళు.

ఇంజను మొదటిమారు అందుకొని టిల్లరు కొట్టమునుండి తన బలముతో తాను బయటకు వచ్చిన నాడు ఇంటివారందరును చూడవత్తురు. ముసలితల్లి, "మీ నాన్న టిల్లరు మళ్ళీ లేచిందిరా" అనును. ఆమె మాటను కాదనువారెవరును ఉండరు. అయినను అది సత్యమేనా?

లోకములో ఇంజనును యంత్రమునకు ప్రాణమందురు. జీవుడు దేహమును విడిచి వేరొక దేహమును పొందునని వినుచుందుము. ఇచ్చట దేహము నిలిచి ప్రాణము మారినది. ప్రాణము మారినను పేరు మారకుండుట వింత కాదా? 1967 డిసెంబరులో దక్షిణాఫ్రికా వైద్యుడు క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను మొదటిసారిగ వేరొక మనిషికి అమర్చినప్పుడు, గుండె పొందిన రోగి వేరొక మనిషియైనాడని అతని భార్య తలంచియుండదు. మనిషికి జ్ఞాపకము కలదు, యంత్రమునకు లేదు అనవచ్చును. నిజమే. యంత్రపు జ్ఞాపకమంతయు దానిని వాడినవారియందే ఉండును.

ఈ ప్రశ్న కొత్తది కాదు. గ్రీకులు థీసియసు ఓడను గూర్చి దీనినే అడిగిరి: కుళ్ళిన పలకనెల్ల మార్చుచు పోగా, తుదకు నిలిచినది ఆ ఓడయేనా? పదునేడవ శతాబ్దమున హాబ్సు అను ఆంగ్ల తత్త్వవేత్త ఇంకొక చిక్కు ముడివేసెను. తీసివేసిన పాత పలకలన్నిటిని ఒకడు దాచి మరల ఓడగ కూర్చినచో ఏది నిజమైన ఓడ? తమ్ముడు పాత ఇనుము వర్తకునికిచ్చిన ఇంజనును ఎవడో బాగుచేసి నీళ్ళ పంపునకు బిగించినచో ఈ చిక్కే మన ఊళ్ళలో పుట్టును. మన దేశమున నాగసేనుడు మిలిందునితో రథమును గూర్చి వాదించి, ఇరుసు రథము కాదు, చక్రము రథము కాదు, కూర్పునకు పెట్టిన పేరే రథమని తేల్చెను. న్యాయవైశేషికులు అందులకు సమ్మతింపలేదు. అవయవములకంటె వేరుగ అవయవి కలదనియు, ఒక పోగు తీసినను పూర్వపు వస్త్రము నశించి వేరొక వస్త్రము పుట్టుననియు వారి మతము. వారి లెక్కలో ఒక మర మార్చినను టిల్లరు వేరే! చట్టము ఇంత సూక్ష్మమునకు పోదు. ట్రాక్టరు రిజిస్ట్రేషను పత్రమున చాసీ సంఖ్య, ఇంజను సంఖ్య రెండును ఉండును. ఇంజను మారినచో ఆ సంఖ్యను మార్పించుకొనవలెను, బండి మాత్రము పాత బండిగనే సాగును.

ఇన్ని సమాధానములును తమతమ చోట్ల నిలుచునవే. చేలో దమ్ము చేయువానికి ఏదియు అక్కరలేదు. అయితే దాళ్వాలో టిల్లరు కిరాయికి తిరిగి నాలుగు డబ్బులు తెచ్చినంతనే ప్రశ్న గ్రంథములనుండి వాకిటిలోనికి వచ్చును.

"అది నాన్న కొన్న టిల్లరే గదరా, కిరాయిలో నా వంతు ఏది?" అని అన్న అడుగును.

"నాన్న కొన్నదాంట్లో మిగిలింది పిడులూ గేరుపెట్టే, అన్నయ్యా. ఇంజను నేను పెట్టింది" అని తమ్ముడనును.

మరుసటి యేడు ఆలమూరునుండి ఒకడు కొనవచ్చును. అప్పుడు అదే తమ్ముడు, "మా నాన్నగారు కొన్న టిల్లరండీ, ఆనాటి ఇనుము ఈనాడు దొరుకుతుందా?" అనును. పంపకముల నాడు దానిని తుక్కు అని ఒప్పుకొన్న అన్నయు ఈనాడు దానిని తండ్రి ఆస్తి అనుచున్నాడు. ఇరువురిలో ఎవరును అబద్ధమాడలేదు! పాతది అనుటకు ఆధారము కలదు, కొత్తది అనుటకును ఆధారము కలదు. కొనునప్పుడు ఒక తక్కెడ, అమ్మునప్పుడు ఒక తక్కెడ పట్టిన వర్తకుని రెండు తక్కెడలును విడివిడిగ చూచినచో తక్కెడలే. దోషము తక్కెడలో లేదు, మార్చిన చేతిలో కలదు. యంత్రము అదియా వేరా అను వాదమున పండితులు ఎంతకాలమైనను భిన్నాభిప్రాయులై యుండవచ్చును. ఒకే మనిషి తన లాభమునుబట్టి ఉదయమొక మతమును, సాయంకాలమొక మతమును అవలంబించుట మాత్రము తత్త్వవిచారము కాదు.

అట్లయినచో అన్నకు ఏమి చెందును? కిరాయిలో వంతు చెందదు. తుక్కు ధరకు ఒప్పుకొన్ననాడే ఆ ఇనుముపై అతని హక్కు తీరెను. తరువాతి ఫలము తమ్ముని కాయకమునకును, పెట్టుబడికిని వచ్చినది. అయితే తండ్రి పేరు ఆ తుక్కుతోపాటు తూకము వేయబడలేదు. ఆ పేరు చెప్పి ఎక్కువ ధర తెచ్చుకొన్నచో ఆ ఎక్కువలో అన్నకును భాగము కలదనవలెను. ఇది కోర్టులో నిలువని మాట. తోబుట్టువుల నడుమ నిలువదగిన మాట. దమ్ము దినములలో అన్న చేనికి మొదటి వరుస ఇచ్చుట కూడ లెక్కల పుస్తకమునకు ఎక్కనిదే.

కొనువానికి చెందునది వేరు. కల్యాణ శరణులలో నులియ చందయ్యగారు గడ్డితో త్రాళ్ళు పేని అమ్మి, వచ్చినదానితో జంగమ దాసోహము చేసిన కాయకజీవి. ఆయన త్రాటికి వాడుక ధరకంటె మిక్కిలి ఎక్కువ సొమ్ము వచ్చినప్పుడు, తెచ్చినవాడు లింగస్వరూపుడైనను ఆయన దానిని అంగీకరింపలేదని శరణుల కథలలో చెప్పుదురు. ఇచ్చినవారు ఇష్టపడియే ఇచ్చిరి, మోసమేమియు లేదు. అయినను త్రాటి వెలకు మించిన సొమ్ము ఆ కాయకపు ఫలము కాదని ఆయన ఎంచెను. ఆ తూకమున చూచినచో తమ్ముడు కొనవచ్చినవానికి ఇంజను కొన్న రసీదును చూపవలెను, గేరుపెట్టె ఎన్నడును విప్పలేదని చెప్పవలెను, ఎక్కడెక్కడ రేకు అతికించెనో వ్రేలితో చూపవలెను. ధర తగ్గును. రంగు నిగనిగలాడుచున్నప్పుడు అతుకును చూపుట మనసునకు కష్టమే. రంగు వేయించినదే అతుకు కనబడకుండుటకు గదా అని తోచును. రంగు ఇనుమును తేమనుండి కాపాడుటకు వేయుదురు. కొనువాని కన్నునుండి అతుకును కాపాడుట దాని పని కాదు.

రంగు వేయుటకు ముందు చట్రముపైనున్న పాత సంఖ్యాఫలకముపై కాగితము అంటించి, రంగు ఆరిన పిదప దానిని తీసివేయుట మంచి పనివాని అలవాటు. ఫలకపు అంచులు తుప్పు తిన్నను అక్షరములు చదువుటకు వచ్చును. కొత్త ఇంజనుపై దాని ఫలకము దానికి ఉండును. కొనవచ్చినవాడు వంగి రెండింటిని చదువుకొనును.