మత్తులో ఉన్న మనసు మాట నమ్మవచ్చా?

తన తెలివి సరిగ్గా ఉందో లేదో ఆ తెలివే తేల్చుకోగలదా? మన దర్శనాల్లో ఇది పాత వివాదమే. జ్ఞానం నిజమైనదన్న సంగతి దానంతట అదే తెలుస్తుందని మీమాంసకులు అన్నారు. కాదు, బయటి పరీక్షకు నిలవాలని నైయాయికులు అన్నారు. ఒక్క చోట మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. జ్ఞానంలో తప్పు ఉంటే ఆ తప్పు బయటి నుంచే తెలియాలి: దాన్ని కాదనే మరో జ్ఞానమైనా కలగాలి, దాని కారణంలోని దోషమైనా బయటపడాలి. సరదా కోసం సముద్రంలోకి దిగే స్కూబా డైవర్లు తాము పీల్చే గాలిలో హీలియం కలుపుకోవాలా అన్న ప్రశ్నకు నాకు ఇక్కడే జవాబు దొరుకుతుంది.

గాలిలో 78 శాతం నైట్రోజనే. ఒడ్డున అది మనల్ని ఏమీ చేయదు. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతూ, 30 మీటర్లకు చేరేసరికి అదే నైట్రోజన్ మెదడు మీద మత్తుమందులా పనిచేస్తుంది. కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి గుబులు పుడుతుంది. ఆలోచన మందగించడం మాత్రం మామూలు. అసలు ఆపద ఏమిటంటే, మందగించిన సంగతి ఆ మనిషికి తెలియదు. 1947లో ఫ్రెంచ్ సముద్రాన్వేషకుడు కూస్తో బృందంలోని మోరిస్ ఫార్గ్ మామూలు గాలితో తాడు వెంట లోతుకు దిగాడు. అంతా బాగానే ఉందని తాడు లాగి పైవాళ్లకు చెబుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి ఆ సంకేతాలు ఆగిపోయాయి. పైకి లాగేసరికి ప్రాణం లేదు. సుమారు 120 మీటర్ల దగ్గర కట్టిన పలక మీద అతని సంతకం ఉంది. అంత లోతున ఆక్సిజన్ కూడా విషమవుతుంది కాబట్టి ఆ మరణాన్ని నైట్రోజన్ ఒక్కదాని మీదే మోపలేం. కానీ, ‘నేను బాగున్నాను’ అనే సాక్ష్యం అక్కడ ఎంత నిలుస్తుందో మాత్రం తెలుస్తోంది.

హీలియం ఈ దోషాన్ని మూలంలోనే తగ్గిస్తుంది. డైవర్లు పీల్చే ఒత్తిళ్లలో దానికి మత్తు గుణం లేనట్టే. 21 శాతం ఆక్సిజన్, 35 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్‌గా కలిపిన ట్రైమిక్స్‌ను 40 మీటర్ల దగ్గర పీల్చితే, ఆక్సిజన్‌నూ మత్తు కలిగించేదిగానే లెక్కేసినా, సుమారు 22 మీటర్ల లోతున గాలి కలిగించేంత మత్తే ఉంటుంది. పైగా అది తేలికైన వాయువు. 40 మీటర్ల దగ్గర మామూలు గాలి లీటరుకు ఆరు గ్రాములకు పైగా బరువు తూగుతుంది. అంత చిక్కటి గాలిని లోపలికీ బయటికీ నడపలేక ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే మత్తు మరింత ముదురుతుంది.

అనుభవం ఉన్నవాళ్లు దశాబ్దాలుగా 40 మీటర్లకు గాలితోనే వెళ్లి వస్తున్నారు కదా అంటారు. నిజమే, ఏ చిక్కూ రానంతవరకూ మందగించిన బుద్ధి కూడా సరిపోతుంది. చిక్కు వచ్చిన క్షణానికే పూర్తి బుద్ధి కావాలి. అలవాటు వల్ల మత్తు తెలియకుండా పోతుందే తప్ప, పరీక్ష పెట్టి చూస్తే పనితనం అంతగా తిరిగి రాదు. పక్కనున్న తోడు హెచ్చరిస్తాడనుకుందామన్నా అతను పీల్చేదీ అదే గాలి. ఆ మైమరపే ఒక దివ్యానుభూతి అనేవారూ ఉన్నారు. కానీ బౌద్ధుల ఐదో శీలం మత్తు పదార్థాలను వద్దన్నది అవి అజాగ్రత్తకు తావిస్తాయనే. ఎరుకను పోగొట్టే ఆనందం ఆ సముద్రాన్ని కూడా మనకు సరిగా చూపదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం న్యాయానికి సంబంధించినది. 1868లో గుంటూరు నుంచి సూర్యగ్రహణాన్ని పరిశీలించిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, ఇంగ్లండ్‌లో మరో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ సాగించిన పరిశోధనలతో హీలియం కథ మొదలైంది. సూర్యుడిలో అపారంగా ఉన్న ఆ వాయువు భూమి మీద మాత్రం యురేనియం, థోరియంల క్షయం వల్ల కోట్ల ఏళ్లలో కొద్దికొద్దిగా పుడుతుంది. గాల్లోకి వదిలితే మెల్లగా అంతరిక్షంలోకి జారిపోతుంది. ఆసుపత్రుల్లో ఎంఆర్‌ఐ అయస్కాంతాలను చల్లబరిచేదీ అదే. అలాంటిదాన్ని సరదాకు ఖర్చు చేయడం తప్పు కాదా? ఈ ప్రశ్నను గౌరవించాల్సిందే. వదిలిన ఊపిరిని శుద్ధి చేసి మళ్లీ వాడే రీబ్రీదర్‌తో ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. అదీ వద్దనుకుంటే ఈ వాదన మనల్ని 30 మీటర్ల లోపే ఆగమంటుంది తప్ప, గాలితోనే ఇంకా కిందికి వెళ్లమనదు. లోతు ఎవరి హక్కూ కాదు. కోరుకున్నవాడు తగిన శిక్షణ పొంది, స్పష్టమైన మనసుకు అయ్యే మూల్యం చెల్లించాలి. చెల్లించలేనప్పుడు కోరికనే తగ్గించుకోవాలి. రెండూ ధర్మమే. తన మనసు చెడదన్న నమ్మకంతో, తన వెంట దిగిన వాడి ప్రాణాన్ని కూడా పణంగా పెట్టడం మాత్రం ధర్మం కాదు.