కలల జట్టుకి సాకులుండవు

ఆట అయిపోయాక మొదలయ్యే ఆట ఇంకొకటి వుంది. దానికి మైదానం అక్కర్లేదు. ఒక కాగితం, ఒక పెన్సిలు, వాదించటానికి ఓపికున్న నలుగురు మనుషులు వుంటే చాలు. ఇన్నేళ్ళలో దేశం తరఫున ఆడినవాళ్ళందరిలోంచి పదకొండుమందిని ఏరి, "ఇదీ మన సర్వకాల మేటి జట్టు" అని తేల్చాలి. తాతనీ మునిమనవడినీ పక్కపక్కన నిలబెట్టొచ్చు. పోయినవాళ్ళని పిలుచుకు రావచ్చు. క్రికెట్ విషయంలో ఈ ఆట ఆడని ఇల్లు లేదు. నాకు మటుకు హాకీతో ఆడటం ఇష్టం. 1928 నుంచి 1956 దాకా జరిగిన ఆరు ఒలింపిక్స్‌లోనూ వరసగా బంగారు పతకం తెచ్చిన ఆట అది. తరవాత 1964లో ఒకటి, 1980లో ఒకటి, వెరసి ఎనిమిది. ఏరుకోవటానికి మనుషులకి కరువేం లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇదేదో మగవాళ్ళ కాలక్షేపం అని పేజీ తిప్పెయ్యకండి. మనకి బాగా అలవాటైన పనే ఇది. పెళ్ళి పిలుపుల జాబితా ఎప్పుడైనా రాశారా? మూడొందలమందికే భోజనాలు చెప్పాం, కాగితం మీద నాలుగొందల పేర్లు తేలాయి. ఇక కొట్టివేతలు మొదలు. కొట్టేసిన ప్రతి పేరుకీ ఒక సాకు దొరుకుతుంది. హాలు చిన్నది. వాళ్ళమ్మాయి పెళ్ళికి మనల్ని పిలవలేదు. అంత దూరం నుంచి వాళ్ళెలాగూ రారు. ఆ సాకుల వెనక మన మనసు హాయిగా దాక్కుంటుంది.

నిజం జట్టుని ఎంపిక చేసేవాళ్ళకీ ఆ సౌకర్యం వుంది. ఒకరికి మోకాలు బాగాలేదంటారు, ఒకరికి సెలవు దొరకలేదంటారు, పైనుంచి ఎవరో చెప్పారంటారు. కలల జట్టుకి మాత్రం ఏ సాకూ లేదు. టికెట్టు డబ్బు మనం పెట్టక్కర్లేదు, ఎవరి మోకాళ్ళూ నొప్పి పుట్టవు, ఎవరూ ఫోన్ చేసి బెదిరించరు. అలాంటప్పుడు కూడా ఒక పేరుని వొదిలేశామంటే ఆ వొదిలెయ్యటం అచ్చంగా మనదే. అందుకే ఇది ఉత్త కాలక్షేపమంటే నేనొప్పుకోను. మీరే చెప్పండి, మన మనసు సంగతి మనకి తెలియటానికి ఇంతకన్నా చవకైన పరీక్ష ఏముంది?

మొదటి పేరు దగ్గర ఎవరూ పోట్లాడరు. ధ్యాన్‌చంద్ గారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్, 1932లో లాస్ ఏంజిలిస్, 1936లో బెర్లిన్, మూడు చోట్లా బంగారమే. బెర్లిన్‌లో ఆయనే కెప్టెన్, ఫైనల్లో జర్మనీ మీద 8-1. రెండో పేరు దగ్గర తగువు మొదలవుతుంది. బల్బీర్ సింగ్ గారికీ 1948, 1952, 1956లలో మూడు బంగారాలే. 1952 ఫైనల్లో నెదర్లాండ్స్ మీద మనవాళ్ళు కొట్టిన ఆరు గోల్స్‌లో అయిదు ఆయన ఒక్కరివే. ఇద్దరిదీ సెంటర్ ఫార్వర్డ్ స్థానం. ఒకింట్లో ఇద్దరు పెద్దకొడుకులుండరు కదా, ఎవరో ఒకరు పక్కకి జరగాలి. ధ్యాన్‌చంద్ గారినే జరగమన్నాను నేను. బంతిని తన దగ్గరే పెట్టుకోకుండా పక్కవాళ్ళకి అందించటంలోనూ ఆయనకి పేరుంది. "అంత పెద్దాయన్ని జరగమంటావా!" అన్నారు మావారు. జరగగలిగినవాళ్ళనే కదండీ లోకం ఎప్పుడూ జరగమనేది! అది న్యాయమా అని అడిగితే ఏ ఇంటి కోడలైనా చెబుతుంది జవాబు.

ఆయన తమ్ముడు రూప్ సింగ్ గారి కథ ఇంకొకటి. 1932లో అమెరికా మీద 24-1తో గెలిచినప్పుడు అందులో పది గోల్స్ ఈయనవి, ఎనిమిది అన్నగారివి. అయినా ఇవాళ్టికీ ఆయన్ని ధ్యాన్‌చంద్ తమ్ముడనే అంటారు. నా జట్టులో ఆయన పేరు ఎవరి తమ్ముడిగానూ రాలేదు, సొంత స్థానం ఇన్‌సైడ్ లెఫ్ట్‌లోకే వచ్చింది.

ఇంతకీ వేరువేరు కాలాలవాళ్ళని ఏ తూకంతో తూచాలి? ఆ రోజుల్లో పచ్చిక మీద ఆడేవాళ్ళు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కృత్రిమ మైదానం వచ్చింది. బంతి వేగం మారింది, కర్ర తిప్పే తీరు మారింది. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్ మీద 2-1తో ప్రపంచ కప్ గెలిచినప్పుడు అజిత్‌పాల్ సింగ్ గారు కెప్టెన్. మాంట్రియల్లోనూ ఆయనే కెప్టెన్, మనకి వచ్చింది ఏడో స్థానం. ఒక్క ఏడాదిలో ఆయన ఆట మరిచిపోయారా? కాళ్ళ కింద నేల మారింది. మా అత్తయ్యగారు కట్టెల పొయ్యి మీద పాతికమందికి వండేవారు. నేను గ్యాసు మీద వండుతున్నాను. ఇద్దరిలో ఎవరి వంట మేలని అడిగేవాళ్ళు రుచి గురించి అడుగుతున్నారో, పొగ గురించి అడుగుతున్నారో ముందు చెప్పాలి. నా మటుకు నేను ఒక కొలత పెట్టుకున్నాను. మనిషి ఎంత ఎత్తుకి చేరాడని కాక, చేతికిచ్చిన దానితో ఎంత దూరం నడిచాడని చూడాలి. అజిత్‌పాల్ గారి పేరు సెంటర్ హాఫ్‌లో అలాగే వుంది.

ఈ కొలతతో జైపాల్ సింగ్ ముండా గారు సులువుగా లోపలికొచ్చేశారు. గిరిజన కుటుంబంలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, ఐ.సి.ఎస్. శిక్షణలో వుండగా హాకీ కోసం ఆ కొలువునే పోగొట్టుకున్నారు. 1928లో మన కెప్టెన్ ఆయనే, కానీ ఫైనల్‌కి ముందే జట్టుని వొదిలి వెళ్ళిపోయారు. తరవాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గొంతెత్తింది ఈయనే. ఫైనల్ ఆడని కెప్టెన్ని ఎలా వేస్తావని మా పెద్దాడి అభ్యంతరం. కలలో ఆ ఫైనల్ కూడా ఆడించొచ్చు కదరా అన్నాను.

దారా గారి పేరుకి ఇంతకన్నా పెద్ద గొడవైంది. 1936లో ఒలింపిక్స్‌కి ముందు ఒక అభ్యాసపు పోటీలో మనవాళ్ళు జర్మనీ చేతిలో 4-1తో ఓడిపోయారు. అప్పుడు ఇండియాకి కబురుపెట్టి రప్పించిన ఆటగాడు ఎ.ఐ.ఎస్. దారా. బంగారు పతకం తెచ్చిన జట్టులో ఆయనా వున్నారు. పన్నెండేళ్ళ తరవాత 1948లో లండన్లో ఆయన పాకిస్తాన్ జట్టుకి కెప్టెన్. "పాకిస్తాన్ ఆయన మన జట్టులో ఏమిటమ్మా?" అన్నాడు పెద్దాడు. 1936లో పాకిస్తాన్ లేదు నాయనా. ఆస్తి పంపకాలయ్యాక వేరింటికి వెళ్ళిన పిన్నిగారు, అంతకుముందు మనింట్లో తినిపించిన ముద్దలు లెక్కలోకి రావా?

ఇదంతా మొన్న ఆగస్టు 29న, పేపర్లో ధ్యాన్‌చంద్ గారి బొమ్మ చూసి మా ఇంట్లో మొదలైంది. ఆయన పుట్టినరోజునే జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుతారు కదా. పెద్దాడు కాగితం నింపాడు. మావారు భేష్ అన్నారు. పదకొండు పేర్లూ చదివాక నేనడిగాను, ఇందులో ఒక్క ఆడపేరూ లేదేమని. అందరూ నా వైపు చూశారు, పప్పులో ఉప్పు వెయ్యలేదేమని ఎవరో పరాయివాళ్ళు అడిగినట్టు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడలు గుర్తున్నాయా? ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో మన మగవాళ్ళ జట్టు 7-1తో ఓడిపోయింది. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ గారిని అమ్ముడుపోయాడన్నారు. రుజువంటూ ఏదీ రాలేదు. నింద మాత్రం ఏళ్ళ తరబడి వెంటపడింది. ఆ ఏడు గోల్స్ దేశానికి ఇప్పటికీ జ్ఞాపకమే. అవే క్రీడల్లో, అదే ఊళ్ళో, ఎలిజా నెల్సన్ కెప్టెన్‌గా మన ఆడవాళ్ళ హాకీ జట్టు బంగారు పతకం గెలిచింది. ఇది ఎంతమందికి జ్ఞాపకం? మా ఇంట్లో ఒక్కరికీ లేదు. ఓడిన మగవాడిని నలభై ఏళ్ళు తిట్టుకున్నాం గానీ, గెలిచిన ఆడదాన్ని మెచ్చుకోవటానికి తీరికే లేకపోయింది. తమాషా ఏమిటంటే, 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో మన ఆడవాళ్ళు బంగారం గెలిచినప్పుడు గోల్‌కీపర్లకి శిక్షణ ఇచ్చింది ఆ నేగీ గారే. లోకం తలుపు వేసేసిన మనిషికి తలుపు తీసింది ఎవరో చూశారా!

"ఆడవాళ్ళకి ఒలింపిక్ పతకాలేవీ, ఏ లెక్కన వెయ్యమంటావు?" అన్నాడు పెద్దాడు. లెక్కే చెబుతాను, వినండి. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ హాకీ 1908లో మొదలైతే, ఆడవాళ్ళ హాకీ 1980లో గానీ రాలేదు. ఆ ఏడాది మాస్కోలో మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు. మళ్ళీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది 2016లో, రియోలో. నడుమ ముప్ఫయ్యారేళ్ళు. యుద్ధం వచ్చి 1940, 1944 ఒలింపిక్స్ జరగకపోతే ధ్యాన్‌చంద్ గారికి ఇంకో రెండు బంగారాలు పోయాయే అని ఇప్పటికీ నిట్టూరుస్తాం. పరీక్షే పెట్టనివాళ్ళని మాత్రం తప్పినవాళ్ళ కింద కట్టేస్తాం.

చివరి అభ్యంతరం మావారిది. ఆడా మగా ఒకే జట్టులో ఆడరు, ఇది జరిగే పని కాదు అన్నారు. ధ్యాన్‌చంద్ గారు పుట్టింది 1905లో. శ్రీజేష్ పుట్టింది 1988లో. వాళ్ళిద్దరూ ఒకే జట్టులో ఆడటం మటుకు జరిగే పనేనా? ఎనభై మూడేళ్ళ గోడ దూకగలిగిన ఊహ, ఈ గోడ దగ్గరకొచ్చేసరికి చీర కుచ్చిళ్ళు అడ్డంపడ్డట్టు ఆగిపోవటమేమిటి?

మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను పెన్సిలు తీసుకున్నాను.

రాణీ రాంపాల్‌ని ఫార్వర్డ్స్‌లో వేశాను. హర్యానాలో బండి లాగే తండ్రికి కూతురు, పదిహేనో ఏట 2010 ప్రపంచ కప్ ఆడింది, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కెప్టెన్. ఆమెకి ఎవరూ పెద్దగా అడ్డుచెప్పలేదు. యుద్ధమంతా గోల్‌కీపర్ దగ్గరే.

శంకర్ లక్ష్మణ్ గారు 1956, 1960, 1964 మూడు ఒలింపిక్ ఫైనళ్ళలోనూ పాకిస్తాన్‌కి ఎదురునిలిచారు. మూడు ఆటల్లో కలిపి ఆయన్ని దాటి లోపలికెళ్ళింది ఒక్కటంటే ఒక్క గోలు. రెండు బంగారాలు, ఒక వెండి. 2006లో మౌలో చనిపోయారు. చివరి రోజుల్లో కాలు కుళ్ళి, చేతిలో డబ్బు లేక చాలా బాధపడ్డారట. ఆయనకి ఎదురుగా సవిత. టోక్యో క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా పెనాల్టీ కార్నర్ల మీద పెనాల్టీ కార్నర్లు కొడుతుంటే ఒక్క బంతీ లోపలికి పోనివ్వలేదు. గుర్జీత్ కౌర్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో మనం 1-0తో గెలిచాం. కంచు పతకం పోటీలో బ్రిటన్ చేతిలో 4-3తో ఓడిపోయారు, పతకం రాలేదు.

పతకాలు చూస్తే లక్ష్మణ్ గారే. జాలి చూసినా ఆయనే. నేను సవిత పేరు రాశాను. గెలవటం అలవాటైన జట్టుకి గోలు కాయటం వేరు. ఇంతకుముందు అంత దూరం ఎప్పుడూ వెళ్ళని జట్టు వెనక నిలబడి కాయటం వేరు. లక్ష్మణ్ గారి పేరు కొట్టేస్తుంటే చెయ్యి బరువెక్కిన మాట నిజం. హాలు చిన్నదని చెప్పుకోవటానికి లేదు మరి.

"మన తెలుగువాళ్ళెవరూ లేరుటే?" అన్నారు అంతదాకా వత్తులు చేసుకుంటున్న అత్తయ్యగారు. లేకేం! మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000, మూడు ఒలింపిక్స్ ఆడాడు. అయితే మనవాడని చోటివ్వటం మొదలుపెడితే, రేపు ఎవరో తమవాడని మనవాడిని తీసేస్తారు. అలా కాకుండా, సొంత అర్హతతో నా కాగితం మీదికొచ్చిన తెలుగుపిల్ల ఒకతి వుంది. పాత చిత్తూరు జిల్లా ఎనుమలవారిపల్లె నుంచి వచ్చిన రజని. ఆమె కూడా గోల్‌కీపరే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన జట్టులో సవితతోపాటు వుంది. రిజర్వు గోల్‌కీపర్ స్థానంలో ఆమె పేరు రాశాను.

పెద్దాడు గంతేశాడు. "కనీసం రిజర్వులోనైనా లక్ష్మణ్ గారిని వెయ్యవా? ఆ మూడు ఫైనళ్ళు ఏమైపోయాయి?"

ఆ మూడు ఫైనళ్ళలోనూ ఆయన గోల్‌లో నిలబడ్డారు. రిజర్వు పని అది కాదు. రోజూ అందరితోపాటు లేచి, అంతే చెమటోడ్చి, రెండుగా చీలి సాధన చేసేటప్పుడు అవతలి గోలు కాసి, ఆటనాడు కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుని బెంచి మీద కూర్చోవటం. ముందున్న మనిషి బాగా ఆడితే మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టటం. పిలుపు ఇవాళ రావచ్చు, ఏడాదైనా రాకపోవచ్చు. వచ్చిన క్షణంలో మాత్రం చేతులు వణక్కూడదు. అదీ ఒక స్థానమే, దానికీ ఆట తెలిసినవాళ్ళు కావాలి. సవిత వెనక అన్నేళ్ళు ఆ స్థానంలో నిలబడింది రజని.

వాడు ఒప్పుకోలేదు. కాగితం లాక్కుని, అంచున ఖాళీ వున్న చోట లక్ష్మణ్ గారి పేరు తన చేత్తోనే రాశాడు. నేను కొట్టెయ్యలేదు.