గోలు ఆపినందుకు రుజువు

ఫుట్‌బాల్ జట్టులో పదకొండు మంది. పదిమంది చొక్కా ఒక రంగు, పదకొండో మనిషి చొక్కా వేరే రంగు. ఇది సోకు కోసం కాదు, నియమం. గోల్‌కీపర్ తన వాళ్ళలో కలిసిపోయి కనపడకూడదు. మిగతా పదిమంది చేసిన తప్పు ఆటలో కొట్టుకుపోతుంది. గోల్‌కీపర్ తప్పు చేస్తే బోర్డు మీద అంకె మారుతుంది. మైనారిటీ అంటే ఏమిటో పిల్లలకు చెప్పవలసి వస్తే నేను రాజ్యాంగం తెరవను, గోల్‌పోస్టు చూపిస్తాను.

1950 ప్రపంచ కప్పు ఆఖరి మ్యాచ్‌లో బ్రెజిల్ తన సొంత గడ్డ మీద ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడింది. ఓడింది జట్టంతా. నింద మోసింది మాత్రం నల్లజాతి గోల్‌కీపర్ బార్బోసా. 2000లో చనిపోయేదాకా మోస్తూనే ఉన్నాడు. తమ దేశంలో పెద్ద శిక్షకైనా ముప్పై ఏళ్ళే, నాకు మాత్రం యాభై ఏళ్ళు పడింది అని వాపోయేవాడట. 2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాన్ మీద మన క్రికెట్ జట్టు పది వికెట్ల తేడాతో ఓడింది. ఓడింది పదకొండు మంది. దేశద్రోహి అని తిట్లు తిన్నది మహమ్మద్ షమీ. కెప్టెన్ కోహ్లీ అతని పక్కన నిలబడ్డాడు, అది మెచ్చుకోదగ్గదే. కానీ ఒక ఆటగాడి దేశభక్తికి కెప్టెన్ హామీ సంతకం పెట్టాల్సి రావడం ఏమిటి?

సరిగ్గా ఆ రోజుల్లోనే మరో రుజువు అడిగారు, గోలు వదిలినందుకు కాదు, ఆపినందుకు.

2021 సెప్టెంబరు 25న తాష్కెంట్‌లో ఇరాన్, జోర్డాన్ ఆడవాళ్ళ జట్లు ఆసియా కప్పు అర్హత కోసం తలపడ్డాయి. ఆట గోళ్ళు లేకుండా ముగిసింది. పెనాల్టీల్లో ఇరాన్ 4-2తో గెలిచింది. రెండు పెనాల్టీలు ఆపింది జోహ్రే కూదాయీ, తలకి హిజాబు కట్టుకున్న గోల్‌కీపర్. ఇరాన్ ఆడవాళ్ళు ఆసియా కప్పుకు వెళ్ళడం అదే మొదటిసారి. ఆ పోటీ మన దేశంలోనే, 2022 జనవరిలో. ఆమె ఆ పోటీకి తయారవుతుండగా నవంబరులో జోర్డాన్ ఫుట్‌బాల్ సంఘం ఆసియా సమాఖ్యకు రాసిన లేఖ బయటికొచ్చింది. ఆ మనిషి ఆడదో కాదో నిపుణులైన డాక్టర్లతో విచారణ జరిపించాలని అందులో ఉంది. కూదాయీ జవాబు చిన్నది: నేను ఆడదాన్ని, ఇది దౌర్జన్యం, కోర్టుకు వెళతాను.

ఆ లేఖను లోకానికి చూపించినవాడు జోర్డాన్ యువరాజు అలీ. ఈయన ఎవరు? 2011 జూన్‌లో అమ్మాన్‌లో ఇదే జోర్డాన్‌తో ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడటానికి వచ్చిన ఇరాన్ అమ్మాయిలను హిజాబు ఉందన్న కారణంతో ఆడనివ్వలేదు. ఆ తరువాత ఆ నిషేధం ఎత్తేయాలని ఫిఫాలో పోరాడింది ఈ యువరాజే. 2014లో నిషేధం పోయింది. తలుపు తెరిపించిన మనిషే, ఆ తలుపులోంచి వచ్చిన అమ్మాయి తన జట్టును ఓడించగానే ఆడదానివని రుజువేదీ అన్నాడు. అడిగినవాళ్ళూ ముసల్మానులే, అడిగించుకున్నదీ ముసల్మానే. కాబట్టి అనుమానం మెజారిటీ మతం సొత్తు అనుకుని మనం ఊరట చెందడానికి లేదు. ఇరాన్ వైపు చూసినా అంతే. ఆమె తల మీది గుడ్డ ఆమె ఇష్టమో కాదో అడిగే వీలే ఆ దేశం ఉంచలేదు. ఫిఫా తియ్యమంది, ప్రభుత్వం కట్టుకోమంది. ఆ తల ఎవరిదో ఇద్దరికీ పట్టలేదు. మన దగ్గర 2005లో సానియా మీర్జా పొట్టి గౌను మీద తీర్పులు చెప్పిన పెద్దలు ఆమె ఫోర్‌హ్యాండ్ గురించి ఒక్క మాటైనా అన్నారా?

దీనికి ఎదురు వాదం ఉంది, తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఆడవాళ్ళ ఆట అని వేరుగా పెట్టుకున్నాక దానికొక గట్టు ఉండాలి, గట్టు ఉన్నాక కాపలా ఉండాలి అంటారు. నిజమే. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ ఆడవాళ్ళ పోటీల్లో దిగే ప్రతి ఒక్కరికీ ఒకసారి జన్యుపరీక్ష పెట్టింది. మగవాళ్ళకు అలాంటిది లేదు గనుక దాని మీద నాకు అభ్యంతరాలున్నాయి. అయినా అది అందరికీ పెట్టిన పరీక్ష, ముందే చెప్పి పెట్టిన పరీక్ష. ఓడిపోయినవాడు గెలిచినదాని వైపు వేలు చూపించి, దీన్ని మాత్రం విప్పి చూడండి అనడం వేరు. మొదటిది నియమం, రెండోది అనుమానం. ఇచ్ఛాపురం దాటితే ఒరిస్సా. ఆ రాష్ట్రం అమ్మాయి ద్యుతీ చంద్‌ను 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల జట్టులోంచి ఆఖరి ఘడియలో తీసేశారు, ఒంట్లో హార్మోను ఎక్కువుందని. ఆమె క్రీడల న్యాయస్థానానికి వెళ్ళి 2015లో ఆ నియమాన్నే నిలిపివేయించింది. అదే గ్లాస్గోలో మన విజయనగరం దగ్గర కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి బరువులెత్తి పతకం తెచ్చింది. అంతకు ముందు శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. కండలున్న ఆడపిల్లను చూసి ఉలిక్కిపడని నేల మనది. కూదాయీ బాధ ఇక్కడివాళ్ళకు అర్థం కావడం కష్టం కాదు.

రెండో బాధ, మన బాధ, అర్థం చేయించడమే కష్టం. శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది. అయినా 2011 లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం నూటికి ఒక్కరం కూడా లేము. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు. విజయనగరం ఖాదర్ వలీ బాబా దర్గాకు హిందువులూ వస్తారు, మొక్కుకుంటారు. కొట్లాటలు లేవు. అయినా పాకిస్తాన్‌తో మ్యాచ్ ఉన్న రోజున టీ బడ్డీ దగ్గర ఎవరో ఒకరు, నవ్వుతూనే, ప్రేమగానే, “ఏటి సాయిబుగారూ, ఇయ్యేళ ఎటేపు?” అంటారు. పక్కనున్న అప్పలనాయుడిని ఎవరూ అడగరు. “మనేపే” అని మనం కూడా నవ్వుతూనే చెబుతాం. టీ డబ్బులు ఆయనే ఇస్తాడు. ఆ ప్రశ్నలో విషం లేదు, నాకు తెలుసు. కానీ జవాబు చెప్పిన ప్రతిసారీ, ఆ ప్రశ్న అడగదగ్గదేనని మనం ఒప్పుకున్నట్టవుతుంది.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చిన నాటి నుంచి తెలుగులో మనం ఈ మాట రాస్తూనే ఉన్నాం. అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. రుజువు చూపిస్తే రేపు ఇంకో రుజువు అడుగుతారు. చూపించనంటే, దాస్తున్నాడు అంటారు. ఇరాన్ కోచ్ మొదటి దారి పట్టింది. మా డాక్టర్లు ప్రతి అమ్మాయినీ ముందే పరీక్షించారు, కావలిస్తే కాగితాలిస్తాం అంది. కూదాయీది రెండో దారి, నన్నడిగినవాడే కోర్టులో జవాబు చెప్పాలి అంది. మనలో చాలామంది కోచ్ దారివాళ్ళమే. జెండా కొంచెం పెద్దది కడతాం, చప్పట్లు కొంచెం గట్టిగా కొడతాం. ఇది పిరికితనం అనను, పిల్లల్ని బడికి పంపాల్సినవాళ్ళం. కానీ రెండో దారిలో నడిచే మనిషిని పొగరుబోతు అని మనవాళ్ళే అనడం నాకు సహించదు.

2022 జనవరి 20న నవీ ముంబైలో ఆమె గోల్‌పోస్టు ముందు నిలబడింది, ఎదురుగా భారత జట్టు. మన అమ్మాయిలు ఎంత తోసుకొచ్చినా గోలు పడలేదు, 0-0. మూడు రోజులకి మన శిబిరంలో కోవిడ్ పాకి, తరువాతి మ్యాచ్‌కి పదముగ్గురు కూడా దొరకలేదు. భారత్ పోటీ నుంచి తప్పుకున్నట్టేనని ఆసియా సమాఖ్య ప్రకటించింది. నిబంధన ప్రకారం భారత్ ఆడిన మ్యాచ్ చెల్లదని కొట్టేశారు. ఆ సాయంత్రం జోహ్రే కూదాయీ ఆపిన బంతులేవీ లెక్కలోకి రాలేదు.