కాయకమునకు కొలత యేది?

శ్రామికుని మనస్సును వ్యాపార విద్యాలయములు కూడ శోధించినవి. 1924 నుండి 1932 వరకు అమెరికాలోని హాథార్న్ కర్మాగారమున జరిగిన పరిశీలనలనుబట్టి, కూలితోపాటు ఆదరమును, తోటివారి చెలిమియు పనిని పెంచునని హార్వర్డు ఆచార్యుడు ఎల్టన్ మేయో చెప్పెను. (ఆ లెక్కలను పిమ్మటి పండితులు శంకించిరి, అది వేరుమాట.) పని పెరుగుటకేనా ఆదరము?

అచ్యుతాపురమున 2024 ఆగస్టు 21న ఔషధ కర్మాగారపు పేలుడులో 17 మంది అసువులు బాసిరి. కాయకమును పూజగా నెంచు మనము ఆ దేహములను ఏ ఉత్పత్తి పట్టికలో వ్రాయగలము?

నేల రాలిన బియ్యమేరుకొను కాయకము గల మారయ్య ఒకనాడు ఎక్కువ తేగా, భార్య లక్కమ్మ మరలింపుమనెనని శరణుల చరిత్ర. మన యిండ్లలోను, షిఫ్టు దిగి వచ్చిన బిడ్డను ఎంత తెచ్చితివని అడుగకముందే, పనిచోట భయమేమైన నున్నదా యని అడుగుడు.