పూరుడిని ఎవరూ అడగలేదు

తల ఎండకు నెరవలేదని పెద్దలు అనే మాటలో ఒక లెక్క దాగి ఉంది. యౌవనంలో చేజారిన సుఖానికి బదులుగా వృద్ధాప్యం వివేకాన్ని ఇస్తుందనీ, ఆ మారకంలో మనిషికి మొత్తమ్మీద నష్టం లేదనీ ఆ లెక్క సారాంశం. వివేకమంటే ఇక్కడ శాస్త్రజ్ఞానం కాదు. ఏది కావాలో ఏది అక్కరలేదో తేల్చుకుని, తేల్చుకున్నదానికి కట్టుబడి ఉండగల శక్తి. ఈ లెక్కను కాదనడానికి ఎవరికీ మనసొప్పదు, ఎందుకంటే ముసలివారికి ఇది ఓదార్పు, పడుచువారికి వాయిదా. అయినా ఒక సందేహం వదలదు. కోరిక ఉడిగిపోవడమూ కోరికను గెలవడమూ చూసేవారికి ఒక్కలాగే కనిపిస్తాయి. పళ్లూడినవాడు చెరకు మానేస్తే అది నిగ్రహమని ఎవరూ అనరు గాని, అదే మనిషి కోపతాపాలు మానేస్తే మాత్రం పండిపోయాడని చేతులు జోడిస్తారు. రెండింటినీ విడదీసి చూడాలంటే ముసలి మనసును ఉన్నదున్నట్టుగా ఉంచి, దేహాన్ని మాత్రమే పడుచుదిగా మార్చాలి. లోకంలో కుదరని ఆ పరీక్ష కథలో ఒకసారి కుదిరింది.

పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ ఆదిపర్వాన్ని తెనిగించిన నాటినుంచి యయాతి కథ తెలుగువారికి ఇంటి కథే. అనుభవించిన కొద్దీ కోరిక నెయ్యి పోసిన అగ్నిలా పెరుగుతుందన్న ముక్కను మాత్రం తీసుకుని, మిగిలిన కథను అందరూ వదిలేస్తారు. ఆ ముక్క కథ చివరిది. ఆలోచించవలసింది మొదట్లో, శుక్రుడి శాపంవల్ల జర, అంటే ముదిమి, మీద పడిన తండ్రికీ కొడుకులకూ, ముదిమి ఇచ్చి యౌవనం పుచ్చుకోవడం గురించి నడిచిన బేరంలో ఉంది.

వ్యాసభారతంలో ఆ బేరం చాలా దగ్గరగా చూపబడింది. తెల్లని గడ్డం, ముడతలు పడిన ఒళ్లు, పరిజనం చులకనగా చూసే బతుకు తనకు వద్దని యదువు అన్నాడు. జర బలాన్నీ రూపాన్నీ పాడుచేయడంతో ఆగక బుద్ధిని కూడా నాశనం చేస్తుందని తుర్వసుడు అన్నాడు. ఏనుగునూ గుర్రాన్నీ రథాన్నీ ఎక్కలేని, మాట తడబడే స్థితి తనకెందుకని ద్రుహ్యుడు అడిగాడు. ముసలివాడు వేళకాని వేళ పసివాడిలా తింటాడనీ, శుచిగా ఉండలేడనీ, అగ్నికి వేళకు ఆహుతి ఇవ్వలేడనీ అనువు చెప్పాడు. ముసలివారి మంచం పక్కన ఒక్క నెల గడిపినవారెవరికైనా ఈ చివరి మాట పుక్కిటి పురాణంలా అనిపించదు. అన్నం పెట్టి గంట గడవకముందే పెట్టలేదని అలిగే తండ్రులు ఈనాడూ ఇంటింటా ఉన్నారు.

నలుగురూ స్వార్థపరులని శాపం పొందారు, ఐదో కొడుకు పూరుడు తండ్రి ముదిమిని తీసుకుని తన యౌవనం ఇచ్చాడు, సరే. అయితే ఆ నలుగురి మాటలకు యయాతి ఇచ్చిన జవాబులో ఏది లేదో చూడాలి. ముదిమితో పాటు వివేకం కూడా వస్తుందనీ, అది యౌవనానికి తీసిపోని సొత్తు అనీ ఆయన ఒక్కరితోనూ అనలేదు. కొడుకులు రోగాలనూ ముడతలనూ ఏకరువు పెడుతుంటే, అమ్మేవాడు సరుకు గుణం చెప్పుకోవలసిన ఆ క్షణంలో, ఆయన ఎర చూపింది రాజ్యాన్ని. బుద్ధి నశిస్తుందన్న తుర్వసుడి మాటను ఖండించనైనా లేదు. వృద్ధాప్యంలో నిజంగా జ్ఞానమనే లాభం ఉంటే, దాన్ని వదిలించుకోవడానికి తహతహలాడుతున్న మనిషికి ఆ సంగతి గుర్తుకు రాకపోవడం వింత.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు. చేతులు మారింది దేహమే గాని మనసు కాదు కనుక, వివేకం యయాతి దగ్గరే మిగిలింది, అమ్మకానికి పెట్టవలసిన పని లేదు. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటే ఆయన స్థితి మరింత దిగజారుతుంది, ఎందుకంటే పండిన మనసుతో పడుచు దేహంలోకి ప్రవేశించిన ఆ మనిషి చేసిన పని వెయ్యేళ్లు సుఖపడడం. పరీక్షలో వివేకం ఒక్క పూట కూడా నిలవలేదు. మరో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. యయాతికి ముసలితనం ఏళ్లు గడిచి రాలేదు, శాపంతో ఒక్క క్షణంలో మీద పడింది. నిదానంగా పండే అవకాశం దొరకని మనసును చూసి వృద్ధాప్యాన్నంతటినీ తప్పుపట్టడం న్యాయం కాదు. దీనికి సులువైన జవాబు లేదు. అద్దంలో ఒకనాడు హఠాత్తుగా ముసలి ముఖం కనబడిందని చెప్పుకోని వృద్ధులు అరుదు గనుక, అందరి ముదిమీ కొంత శాపంలాగే వస్తుందని అనవచ్చు గాని, అది జవాబు కాదు, తప్పించుకోవడం.

పోనీ, చివర్లో యౌవనాన్ని తిరిగి ఇచ్చేయడం వివేకం కాదా? దేహంలో సత్తువ ఉండగానే వదులుకున్నాడు కనుక అది పళ్లూడినవాడి త్యాగం కాదని చెప్పాలనిపిస్తుంది. కానీ వెయ్యేళ్ల గడువు మొదటే పెట్టుకున్నది; కాలం లెక్కించుకుంటూ ఉండి, గడువు తీరాకనే ఆయన పూరుడిని పిలిచాడు. ఒప్పందం ప్రకారం అప్పు తీర్చినవాడిని నిజాయితీపరుడు అనవచ్చు, విరక్తుడు అనడానికి వీలులేదు. అయితే ఒక్కటి ఆయనకు దక్కాలి: తృప్తి కలిగిందని ఆయన బొంకలేదు.

ఇంతకూ ఈ తూకంలో రెండు పళ్లేలనూ ఎరిగినవాడు యయాతి కాదు, పూరుడు. పడుచు మనసుతో ముసలి దేహంలో వెయ్యేళ్లు ఉన్నవాడు, ఆ తరువాత యౌవనంలోకి మళ్లీ నడిచివచ్చినవాడు అతనొక్కడే. జర మనిషికి ఏమైనా నేర్పుతుందా అన్న ప్రశ్నకు సాక్షి అతనే. ఆ సాక్షిని ఎవరూ అడగలేదు. రాజ్యం ఇచ్చారు, వంశానికి అతని పేరు పెట్టారు, కథ ముందుకు సాగిపోయింది. గిరీశ్ కర్నాడ్ 1961లో ప్రచురించిన ‘యయాతి’ నాటకంలో పూరుడికి భార్యను కల్పించి, తండ్రి ముదిమిని మోసుకొచ్చిన మగడి ముందు ఆమెను నిలబెట్టి, ఈ మౌనాన్ని కొంత బద్దలు కొట్టాడు. ఆ నాటకం ఇరవై రెండు ఇరవై మూడేళ్ల కుర్రవాడు రాసింది కాబట్టే ఆ ప్రశ్న పుట్టిందేమో. పెద్దలు రాసిన వ్యాఖ్యానాల్లో పితృభక్తికి దొరికినంత చోటు ఆ యువతికి దొరికేది కాదు.

వృద్ధాప్యాన్ని జ్ఞానంతో ముడిపెట్టే అలవాటు సంప్రదాయంలో అందరూ అనుకునేంత గట్టిది కూడా కాదు. సంస్కృత భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు తోటి పిల్లలకు నూరేళ్ల ఆయుష్షును పంచి చూపుతూ, సగం నిద్రకు, ఇరవై ఏళ్లు బాల్యపు ఆటలకు పోగా, చివరి ఇరవై ఏళ్లను కూడా అశక్తతలో కొట్టుకుపోయిన కాలంగానే రాసుకున్నాడు. జనకుడి యజ్ఞశాల గుమ్మంలో ద్వారపాలకుడు వయసు చాలదని అడ్డుకుంటే, నెరిసిన తల పెద్దరికానికి గుర్తు కాదని అష్టావక్రుడు వాదించి లోపలికి వెళ్లాడు. పెద్దల మాట చద్దిమూట అన్న సామెత ఇళ్లలో చెల్లినంతగా పురాణాల్లో చెల్లలేదన్నమాట.

ప్రభుత్వాల లెక్క మరోటి. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించినప్పుడు, ఆ నిర్ణయం చేసిన ముఖ్యమంత్రి అరవయ్యో ఏట ఉన్నారు. తరువాతి కాలంలో గాలి తిరిగి, తెలంగాణ 2021లో దాన్ని 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 62కు పెంచాయి. పెంచిన ప్రతిసారీ అనుభవం విలువను గురించి మాటలు వినబడతాయి. అయితే ఒక కుర్చీలో పెద్దాయన మరో రెండేళ్లు కూర్చున్నారంటే, ఆ కుర్చీకోసం హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో పరీక్షలకు చదివే ఒకరి రెండేళ్లు కరిగినట్టే. యయాతి అడిగి తీసుకున్నాడు, ఇక్కడ అడగడం కూడా లేదు.

శ్రీనాథుడు ఈ తూకం జోలికే పోలేదు. కాశీఖండం అవతారికలో, అంటే కావ్యానికి ముందుమాటలాంటి భాగంలో, ఆయన తన రచనలను వయసుల వారీగా వరుసపెట్టాడు: పసితనంలో మరుత్తరాట్చరిత్ర, మీసాలు మొలిచే ప్రాయంలో శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో నైషధం, ప్రౌఢిలో భీమఖండం. మొదటి రెండూ కాలంలో కలిసిపోయాయి. ఏ వయసు మేలో ఆయన చెప్పలేదు. ప్రాయం ఇంకా వాలిపోకముందే కాశీఖండం పూర్తిచేయాలని మాత్రం అన్నాడు. వయసు ఆయనకు ఇచ్చినది జ్ఞానమో కాదో గాని తొందర ఇచ్చింది, ఆ తొందర ఒక మహాకావ్యానికి పనికొచ్చింది.

మళ్లీ యయాతి. వానప్రస్థానికి, అంటే గృహస్థ జీవితం ముగించి అడవికి, వెళ్లి, ఘోరతపస్సు చేసి స్వర్గం చేరిన ఆయనను తపస్సులో నీకు సాటి ఎవరని ఇంద్రుడు అడిగితే, దేవతల్లో మనుషుల్లో ఎవరూ లేరన్నాడు. ఆ గర్వానికి కిందపడ్డాడు. భోగం వెయ్యేళ్లు నేర్పనిదాన్ని తపస్సూ నేర్పలేదు. పడింది దౌహిత్రుల, అంటే కూతురి కొడుకుల, మధ్య. అష్టకుడు, ప్రతర్దనుడు, వసుమనుడు, శిబి తమ పుణ్యం ఇస్తామన్నారు. ఆదిపర్వంలో యయాతి వద్దన్నాడు. క్షత్రియుడికి ప్రతిగ్రహం, అంటే దానం పట్టడం, తగదన్నాడు. ఐదుగురు కొడుకుల ముందు చేయి చాచిన మనిషి ఇవ్వవచ్చినవారిని కాదన్న ఆ ఒక్కచోట వివేకం తొంగిచూసిందని, కథ అక్కడితో ఆగితే, చెప్పుకోవచ్చు.

ఉద్యోగపర్వంలో మాత్రం మొదట కాదన్నా, చివరికి వారి పుణ్యంతోనే ఆయన పైకెక్కాడు. ఇచ్చినవారిలో కూతురు మాధవి కూడా ఉంది. గాలవుడి గురుదక్షిణకు కావలసిన గుర్రాలకోసం ఆమెను తండ్రే అతనికి అప్పగించాడు. ముగ్గురు రాజుల దగ్గర, ఆపైన విశ్వామిత్రుడి దగ్గర ఒక్కొక్క కొడుకును కని, స్వయంవరం చాటించిన నాడు ఆమె వరులనందరినీ దాటి అడవిని వరించింది. తపస్సుతో కూడబెట్టుకున్నదానిలో సగం తండ్రికి ఇచ్చింది. ఆదిపర్వపు నిరాకరణలో పరువు ఉంది గాని, బహుశా ఇంకా పాత గర్వమే ఉంది. ఎవరి పడుచుదనాన్ని ఖర్చు పెట్టాడో వారి చేతినుంచే, ఆ సంగతి తెలిసీ, పుచ్చుకోవడం అంతకంటే కష్టమైన పని. అలా పుచ్చుకున్న యయాతి మాధవితో ఏమైనా అన్నాడో లేదో గాని, పూరుడి విషయంలో లాగే ఆమె విషయంలోనూ కథ అడగవలసిన ప్రశ్న అడగకుండానే స్వర్గానికి బయలుదేరింది.