కొలమానం – వివేచన: మానవశాస్త్ర పత్రికలో సంపాదక బాధ్యత

ఉపోద్ఘాతం

ఒక పరిశోధన పత్రిక మంచిదా కాదా అన్న ప్రశ్నకు నేడు రెండు రకాల సమాధానాలు వినిపిస్తున్నాయి. మొదటిది సంఖ్యలలో ఉంటుంది: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత, తిరస్కరణ శాతం ఎంత, వ్యాసం అందిన నాటి నుంచి నిర్ణయానికి ఎన్ని రోజులు పడుతుంది. రెండవది మనుషులకు సంబంధించినది: సంపాదకుడు ఎవరు, సంపాదకమండలిలో ఎవరున్నారు, వ్యాసాన్ని పరిశీలించేది ఎవరు. మొదటిది కొలమానం; రెండవది వివేచన. మానవశాస్త్రం సాటి మనుషుల జీవితాన్నే వస్తువుగా స్వీకరించిన శాస్త్రం. కనుక ఈ రెండింటి సంబంధం అక్కడ కేవలం నిర్వహణ సమస్యగా మిగలదు, నైతిక ప్రశ్నగా మారుతుంది. సంపాదకుడు చేయవలసిన నిర్ణయాన్ని సంఖ్యకు అప్పగించవచ్చునా? అప్పగిస్తే ఆ నిర్ణయానికి జవాబుదారీ ఎవరు?

కొలమానం పుట్టుక, పరిధి

యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ఉల్లేఖనల సూచికను ప్రతిపాదించినప్పుడు, ఒక పరిశోధన తరువాతి పరిశోధనలలో ఎక్కడెక్కడ ప్రస్తావనకు వచ్చిందో తెలుసుకోవడం ముఖ్యోద్దేశం. దాని నుంచి రూపొందిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1975 నుంచి వార్షిక నివేదికలుగా వెలువడుతూ, ఏ పత్రికలు కొనాలో నిర్ణయించుకోవడానికి గ్రంథాలయాలకు ఉపకరించింది. దాని లెక్క సులభమైనది. గత రెండేళ్లలో పత్రిక ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన ఉల్లేఖనలను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. రెండేళ్లలో 40 వ్యాసాలు వెలువడి, వాటికి 60 ఉల్లేఖనలు వచ్చాయనుకుంటే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.5. అయితే ఆ 60లో 40 ఒకే వ్యాసానికి చెందినవి కావచ్చు. మిగిలిన 39 వ్యాసాలకు కలిపి వచ్చినవి 20 మాత్రమే. సగటు పత్రికది. దాన్ని ప్రతి వ్యాసానికీ, ప్రతి రచయితకూ అంటగట్టడం తర్కదోషం. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమైన సంపాదకులు, ప్రచురణకర్తలు రూపొందించి 2013లో వెలువరించిన ప్రకటన ఈ దోషాన్నే ఎత్తిచూపింది. నియామకాలకు, పదోన్నతులకు పత్రిక సూచికను ప్రమాణంగా తీసుకోరాదని కోరింది.

ఏకై వచ్చిన సూచిక మేకైన తీరును వివరించినవారిలో ఒక మానవశాస్త్రవేత్త ఉండడం గమనార్హం. బ్రిటిష్ విశ్వవిద్యాలయాల మదింపు విధానాన్ని 1997లో విశ్లేషించిన మేరిలిన్ స్ట్రాథర్న్, ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ సూత్రాన్ని విస్తరించి, కొలమానమే లక్ష్యమైన క్షణాన అది మంచి కొలమానంగా ఉండదని చెప్పారు. తమ పత్రికలోని పాత వ్యాసాలను ఉల్లేఖించమని రచయితలపై ఒత్తిడి తేవడం, కొన్ని పత్రికలు పరస్పరం ఉల్లేఖించుకోవడం ఇందుకు ఉదాహరణలు. ఇలాంటి పత్రికలను వార్షిక నివేదిక నుంచి తొలగించవలసిన సందర్భాలూ ఏర్పడ్డాయి.

క్షేత్రపరిశోధన కాలగతి

మానవశాస్త్ర జ్ఞానం నెమ్మదిగా పరిపక్వమవుతుంది. భాష నేర్చుకోవాలి, ఊరిలో నివసించాలి, పంటల కాలాలనూ పండుగలనూ చూడాలి. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటపై ఎస్.సి. దూబే రచించిన గ్రంథం 1955లో వెలువడింది. చెంచులపై ఫ్యూరర్ హైమెండార్ఫ్ గ్రంథం 1943లో, ఆదిలాబాదు రాజగోండులపై ఆయన గ్రంథం 1948లో వెలువడ్డాయి. వీటిని పరిశోధకులు నేటికీ సంప్రదిస్తున్నారు. రెండేళ్ల గవాక్షం నుంచి చూసే సూచికకు ఈ దీర్ఘాయువు కనిపించదు.

అంతకంటే ముఖ్యమైన ప్రభావం ఉల్లేఖనల వెలుపల ఉంటుంది. 1940 నాటి గోండుల తిరుగుబాటు తరువాత హైమెండార్ఫ్ చేసిన అధ్యయనాలు నిజాం ప్రభుత్వ గిరిజన విధానాన్ని ప్రభావితం చేశాయి. 1943లో గోండుల విద్యాపథకం మొదలై, మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఏర్పడింది. అధ్యయనానికి గురైనవారి బ్రతుకులో వచ్చిన ఆ మార్పును ఏ ఉల్లేఖన సూచికా లెక్కించదు. అలాగే ఒక వ్యాసం వారికి హాని చేసినా లెక్కించదు. ఒక సముదాయాన్ని అవమానించిన వ్యాసాన్ని పదిమంది ఖండిస్తే, సూచిక దృష్టిలో అవి పది ఉల్లేఖనలే.

సంఖ్య పక్షాన ఉన్న న్యాయం

ఇంతమాత్రాన సంఖ్యను తోసిపుచ్చడం న్యాయం కాదు. సంఖ్యకు ఆదరణ లభించడానికి ఒక బలమైన కారణముంది. సంపాదకుని వివేచన అనే మాట వెనుక చాలాసార్లు పరిచయం, గురుశిష్య సంబంధం, ప్రాంతం, కులం దాగి ఉండగలవు. పెద్దల అండలేని యువ పరిశోధకునికి, గూడెం నుంచి వచ్చి తన సమాజం గురించి తానే రాస్తున్న పరిశోధకురాలికి, ముఖం చూడని సంఖ్య ఒక రక్షణగా తోచడం సహజం. వివేచన పేరిట జరిగే పక్షపాతం కంటే గుడ్డి లెక్క మేలన్న వాదనను తేలికగా కొట్టివేయలేము.

కాని సంఖ్య కూడా ఆ రక్షణను పూర్తిగా ఇవ్వలేదు. ఎక్కువ ఉల్లేఖనలు పొందేవి సాధారణంగా పేరున్న విశ్వవిద్యాలయాలవారు ఆంగ్లంలో రాసేవి. 1921లో శరత్ చంద్ర రాయ్ రాంచీలో స్థాపించిన మ్యాన్ ఇన్ ఇండియా వంటి పత్రిక భారతీయ మానవశాస్త్రానికి చేసిన సేవను అంతర్జాతీయ సూచికల పట్టికతో తూచలేము. పాత అసమానతలను సంఖ్య తుడిచివేయదు. వాటికి నిష్పాక్షికత అనే రూపాన్నిస్తుంది.

భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అనుభవం ఈ చిక్కును స్పష్టం చేస్తుంది. 2010 నిబంధనలు ప్రచురణలను పాయింట్లుగా లెక్కించాయి. ఆ తరువాత ఏర్పడిన ఆమోదిత పత్రికల జాబితా నుంచి 2018 మేలో 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది. దాని స్థానంలో వచ్చిన కేర్ జాబితాను 2025లో రద్దుచేసి, సూచనాత్మక ప్రమాణాలతో నాణ్యతను సంస్థలే నిర్ణయించుకోవాలన్నారు. సంఖ్యకూ జాబితాకూ అప్పగించిన బాధ్యత చివరకు మనుషుల వద్దకే తిరిగివచ్చింది.

వివేచనకూ పర్యవేక్షణ

అయితే ఆ మనుషులను పర్యవేక్షించేది ఎవరు? 2011లో ప్రారంభమైన హావ్ అనే మానవశాస్త్ర పత్రిక ఉచితంగా చదువుకునే వీలు కల్పించి, కొద్దికాలంలోనే గొప్ప పేరు పొందింది. 2018లో ఆ పత్రికలో పనిచేసినవారి పట్ల వ్యవహరించిన తీరు గురించి, పాలన గురించి ఆరోపణలు బహిరంగమయ్యాయి. స్థాపనలో పాలుపంచుకున్న డేవిడ్ గ్రేబర్ తన వంతుగా బహిరంగ క్షమాపణ ప్రకటించారు. ఆ ఆరోపణల సత్యాసత్యాలు ఇక్కడ చర్చనీయాంశం కావు. ఒక పత్రిక కీర్తి దాని అంతర్గత న్యాయానికి హామీ కాదన్నదే ఇక్కడ గ్రహించవలసిన విషయం.

రహస్య సమీక్ష విషయంలోనూ మానవశాస్త్రానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒక తెగపై పనిచేసేవారు కొద్దిమందే. రచయిత పేరు తొలగించినా ఊరి పేరును బట్టి సమీక్షకుడు పోల్చుకోగలడు. అతడు స్నేహితుడో ప్రత్యర్థో కావచ్చు. అందువల్ల అజ్ఞాతత్వాన్ని నమ్ముకుని ఊరుకోక, సంబంధాలను ముందే ప్రకటించమని కోరడం, తిరస్కరణకు కారణాలను రాతపూర్వకంగా తెలపడం, సంపాదకుని పదవికి కాలపరిమితి విధించడం, మండలి సభ్యులను మార్చుతుండడం, సంపాదకునిపై ఫిర్యాదును సంపాదకేతరులు వినడం అవసరమవుతాయి.

వీటికి తోడు మూడవ పక్షం ఉంది. వ్యాసంలో వర్ణితులైనవారు రచయితలు కారు, సమీక్షకులు కారు, చాలాసార్లు పాఠకులు కూడా కారు. అమెరికన్ మానవశాస్త్ర సంఘం 2012లో ప్రకటించిన వృత్తి బాధ్యతా సూత్రాలలో మొదటిది హాని చేయకపోవడం. వారి సమ్మతి, గోప్యత, గౌరవం భద్రమేనా అని వ్యాసం అచ్చుకు వెళ్లేముందు అడగగల చివరి వ్యక్తి సంపాదకుడే.

ముగింపు

కొలమానం సాక్షి వంటిది. సాక్ష్యాన్ని వినాలి, ప్రశ్నించాలి. సాక్షిని న్యాయపీఠంపై కూర్చోబెట్టరాదు. అదే విధంగా, కారణం చెప్పనవసరంలేని న్యాయమూర్తి ఉన్నచోట ప్రజలు సాక్షినే ఆశ్రయిస్తారు. సంఖ్యల ఆధిపత్యాన్ని విమర్శించే హక్కు తన నిర్ణయాలను పరిశీలనకు తెరిచి ఉంచిన సంపాదకునికే దక్కుతుంది. తిరస్కృతుడైన రచయితకు చూపగల కారణం, వర్ణితమైన సముదాయం ఎదుట చదివి వినిపించగల వ్యాసం – ఈ రెండూ మానవశాస్త్ర పత్రికకు తగిన గీటురాళ్లు.